పత్తిచేలో తప్పిపోయిన గొర్రెపిల్ల

ముందు ఒక ముసలమ్మ మూలుగు వినిపించింది.

"ఈపొద్దు నా చేత కాదు నాయనా. మోకాళ్ళు పట్టుకున్యాయి. నిన్న అవుకు దాకా తీసకపోయినావు, ఒక నూనె చుక్క పోసినావా? మనిషివేనా నువ్వు?"

ఉద్యోగం మీద వచ్చిన కోయిలకుంట్లలో అది నా మొదటి ఉదయం. మిద్దె మీది అద్దె గదిలో ఇంకా పెట్టె కూడా విప్పలేదు. ఎవరో పెద్దావిడ కింద పడిపోయిందేమోనని గబగబా మెట్లు దిగాను. వీధిలో ముసలమ్మ లేదు. ఒక పాత స్కూటరూ, దాన్ని పక్కకు వంచి పట్టుకున్న బట్టతల మనిషీ ఉన్నారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, స్కూటరు సీటు నిమిరి, అదే ముసలి గొంతుతో అన్నాడు: "ఈ కొత్త సారన్నా నాలుగడుగులు తోస్తాడేమో అడుగప్పా."

తోశాను. మా ఇంటి యజమాని మహానందితో నా పరిచయం అలా మొదలైంది.

మహానందికి ఉన్నది ఒకటే జబ్బు. నోరు లేనిది ఏది కంటపడినా దానికి మాటలు పెట్టేవాడు. ఊళ్ళో కేబుల్ టీవీ తీగలు లాగడం ఆయన పని. స్తంభం ఎక్కుతూ స్తంభం తరఫున "నిదానం అప్పా, కితకితలు" అనేవాడు. కుక్కలు, కుండలు, ఎండిన బోర్లు, జమ్మలమడుగు బస్సు, అన్నీ ఆయన నోట్లో కాపురం ఉండేవి. ఆయన నడిచి వెళ్ళిన వీధిలో కాసేపటి దాకా రాళ్ళు కూడా ఏదో అనబోతున్నట్టు కనిపించేవి.

బస్టాండు హోటల్లో దోసెలు పోసే ఉరుకుందప్పకు ఈ జబ్బంటే ఒళ్ళు మంట. పెనం మీద దోసె పడీ పడగానే బల్ల దగ్గర్నుంచి సన్నటి గొంతు లేచేది.

"మాస్టరూ, ఒక పక్కే ఎంతసేపు కాలుస్తావప్పా? వీపు చలిగుండాది, తిరగెయ్యి."

"ఇంగొకసారి నా దోసెతో మాట్లాడిస్తే ఈ పెనం తెచ్చి నీ నెత్తినేస్తా మహానందీ!"

"నాతో చెప్తే ఏం లాభమప్పా? దాంతో చెప్పు."

ఒకసారి పెళ్ళిచూపులకు ఆయన్ని పెద్దమనిషిగా పిలిచారు. పెళ్ళికొడుకు మేనమామ దిట్టమైన మనిషి. ఆయన కూర్చోగానే ప్లాస్టిక్ కుర్చీ సన్నగా అంది, "స్వామీ, సంబంధం బిరీన కుదుర్చుకోండి. నేను శానాసేపు ఉండలేను." గది కొయ్యబారిపోయింది. తప్పు తెలిసి మహానంది క్షమాపణ చెప్పబోయాడు గానీ, కంగారులో అదీ కుర్చీ గొంతుతోనే వచ్చింది: "తప్పయిపోయింది స్వామీ. కూచో. ఇరిగితే ఇరుగుతా." ముందుగా నవ్వింది మేనమామే. సంబంధం కుదిరింది. పెళ్ళిలో ఆ కుర్చీకి పసుపు రాశారని విన్నాను.

తిమ్మయ్య అనే పెద్దాయన పోయినప్పుడు జనం పాడెను కాకుండా మహానందిని చూస్తూ నడిచారు. ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని శ్మశానం దాకా వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, అందరూ కుందూ ఏటి ఒడ్డున కాళ్ళు కడుక్కుంటుంటే, ఇక ఆపుకోలేక తిమ్మయ్య చెప్పుల గొంతుతో అనేశాడు. "ఇంగ మాకు నిమ్మళం. ఆయప్ప శానా తిరిగినాడు." తిమ్మయ్య కొడుకు నవ్వాడు. నవ్వుతూనే ఇంకొంచెం ఏడ్చాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, మహానందీ ఆయన అక్క ఈరక్కా. ఈరక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. వయసులో ఉన్నప్పుడు పత్తి చేలకు కూలికి పోయేది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక గడప మీద కూర్చుని వీధిని చూసేది. వీధి ఆమె కళ్ళ ముందు ఏరులా పారేది. చేతులు ఎప్పుడూ కొంగు కిందే. తమ్ముడు ఒక్కడే ఉన్నప్పుడు ఆ వేళ్ళు బయటికొచ్చి గబగబా ఏవో చెప్పేవి. మెట్ల మీద నా నీడ పడిందంటే పిట్టల్లా మళ్ళీ కొంగులో దూరేవి. నా మీద నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత ఆ వేళ్ళ భాషలో ఉప్పు, నీళ్ళు, వాన, స్కూటరు, వెర్రివాడు లాంటి మాటలు కొన్ని నాకూ పట్టుబడ్డాయి. చివరి దాన్ని వాళ్ళిద్దరూ తరచుగా వాడేవాళ్ళు.

"మా ఇంట్ల మాటలన్నీ కలిపి ఇద్దరికి పంచినారు సారూ" అనేవాడు మహానంది. "అక్క వాటా గూడా నాకే వచ్చిపడింది."

ఏడాదిలో ఈరక్క గడప దాటేది ఒకే ఒక్క సాయంత్రం. అది క్రిస్మస్ ముందు రోజు. ఉతికిన నీలం చీర కట్టుకుని, తమ్ముడి స్కూటరు వెనక కూర్చుని పేటలోని చర్చి ఆవరణకు వెళ్ళేది. అక్కడ పాస్టరు యేసుదాసు, అందరికీ దాసన్న, రెండు వేపచెట్ల మధ్య తెల్ల దుప్పటి కట్టించేవాడు. కొమ్మలకు కాగితపు నక్షత్రాలు. నాపరాళ్ళ మీద పరిచిన పట్టాలు. పేటవాళ్ళే కాదు, ఊళ్ళో సగం మంది అక్కడే ఉండేవాళ్ళు, మహానంది సినిమా కోసం.

అది ఏదో చలిదేశంలో, పిల్లల పుస్తకం నుంచి టీవీ కోసం తీసిన అరగంట బొమ్మల సినిమా. ఎప్పుడో ఎవరో అతిథి చర్చికి డిస్కు ఇచ్చి వెళ్ళాడు. కాపీ చేసినవాళ్ళు బొమ్మను ఎక్కించి మాటను మరిచిపోయారు. నోరు లేని సినిమా! అది మహానంది కంటపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

తెర మీద ఒక ముసలి గొర్రెలకాపరి. తప్పిపోయిన గొర్రెపిల్ల. నేలంతా తెలుపు. లాంతర్లు పట్టుకున్న జనం ఒక్కో ఇంటి ముందూ నిలబడి నోళ్ళు తెరుస్తారు. బొమ్మలో ఉన్నది ఇంతే. మిగతాదంతా మహానంది నోటి నుంచి వచ్చేది.

"సూడండప్పా, పత్తి ఎట్ల పగిలిందో! ఇంత పంట మన సీమలో ఎప్పుడన్నా చూసినారా? మరి ఏరేటోళ్ళు యాడ? ఒక్కరన్నా ఉండారా చేన్లో? లేరు. యాలంటే ముసలాయన గొర్రెపిల్ల కనపడల్యా. ఊరు ఊరంతా ఏరేది నిలబెట్టి ఎతకబోయింది."

వెనక వరుసల్లోంచి ఒక రైతు ప్రతి ఏడూ తప్పకుండా లేచేవాడు. "మబ్బు పట్టింది గదప్పా! వానొస్తే పత్తంతా నల్లబడిపోతాది!"

"ఆ ఎర్రకోటు ఆయమ్మ గూడా అదే అంటాండాది. దానికి ఆమె మొగుడు ఏమంటాండాడు? 'పత్తి వచ్చే ఏడు మళ్ళా పగులుతాది, నడువే' అంటాండాడు."

ఇంటింటి ముందూ నోళ్ళు తెరిచేవాళ్ళు "అమ్మా, మా గొర్రెపిల్ల ఈ పక్కకొచ్చిందా?" అని అడిగేవాళ్ళు. గొర్రెపిల్ల తెల్లటి చేను మధ్య ఒంటరిగా నిలబడి "నేను శానా చిన్నదాన్ని. నా కోసం ఎవురొస్తారు?" అనేది. పిల్లలంతా పట్టాల మీద లేచి నిలబడి గొంతు చించుకునేవాళ్ళు. "వస్తాండారు! ఎనక్కి చూడే! ఎనక్కి చూడు!"

ఒక్క వింత ఏమిటంటే మహానంది సినిమా చూసేవాడు కాదు. తెరకు వీపు పెట్టి, ముందు వరుసలో ఉన్న అక్క వైపు తిరిగి స్టూలు మీద కూర్చునేవాడు. అడిగితే "ఎన్నేండ్లని చూస్తావు సారూ, కంఠతా వచ్చేసింది" అనేవాడు. ఆయన వింతల్లో ఇదొకటి అనుకున్నాను.

నేను వెళ్ళిన మూడో ఏడు, దీపావళి దాటాక ఆయన గొంతు బొంగురుపోయింది. ఊళ్ళో వస్తువులన్నిటికీ జలుబు చేసిందని అందరూ నవ్వారు. జలుబు తగ్గలేదు. కర్నూలు తీసుకువెళ్ళాను. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూసింది.

"ఈ గొట్టం ఏమంటాండాదో చెప్పల్నా మేడమ్?" అన్నాడు మహానంది, గరగరమంటూ.

"నాకు చెప్పేసిందిలెండి. మిమ్మల్ని నోరు మూసుకోమంటోంది" అంది డాక్టరమ్మ. గొంతులో కాయలు కట్టాయట. భయమేమీ లేదట. కానీ కొత్త సంవత్సరం వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు.

కోయిలకుంట్ల ఒక్కసారిగా మూగబోయింది. స్కూటరు ఏమీ అనకుండా మొరాయించింది. దోసె చప్పుడు లేకుండా కాలింది. ఒకరోజు ఉరుకుందప్ప పెనం మీదికి వంగి "ఎట్లుండాది? తిరగెయ్యల్నా?" అని తనే అడిగి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసి, సిగ్గుపడి మహానందికి ఇంకో గరిటె చట్నీ వేశాడు.

డిసెంబరు సగం గడిచాక దాసన్న కూతురు యామినిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. యామిని కడపలో ఇంజనీరింగు చదువుతోంది.

"ఈ ఏడు ఎట్ల మహానందీ? నీకు గొంతు లేదు. పిల్లోళ్ళు అప్పుడే అడుగుతాండారు."

యామిని ఉత్సాహంగా ఫోను చూపింది. "అసలు సినిమా దొరికింది మామా! పాటలు, మాటలు అన్నీ ఉండాయి. ఇంగ్లీషులో ఉంటే ఏమైతాది, సారు పక్కన కూచోని తెలుగులో చెప్తాడు. ఇంగ ఆ మూగ డిస్కుతో పనేముండాది? పారెయ్యొచ్చు."

మంచి మనసుతోనే అంది. మహానంది అక్క వైపు తిరిగి వేళ్ళతో సంగతి చెప్పాడు. ఈరక్క ఫోను వైపు చూసింది, తమ్ముడి గొంతు వైపు చూసింది, తల ఊపింది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో అన్నం మాడిన వాసన వచ్చింది. ఆమె గడప మీద వీధికి వీపు పెట్టి కూర్చుంది. నేను అక్కడున్న ఇన్నేళ్ళలో వీధికి ఆమె వీపు కనిపించడం అదే మొదటిసారి. ఆ ఒక్క సాయంత్రం పోతే ఆమె ఏడాదికి ఇక తలుపే ఉండదని నాకు తెలిసింది.

మర్నాడు మహానంది నా గదికొచ్చాడు. నన్ను చూపించి, వేళ్ళను నోరులా తెరిచి మూసి, కింద గడప వైపు చూపించాడు.

"నేనా? ఆ గొంతులన్నీ నా వల్ల ఎక్కడవుతాయి? ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడమంటే చెప్పగలను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అవే సైగలు చేశాడు. నాకు అర్థం కాలేదు. భుజం తట్టి దిగిపోయాడు.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం దుప్పటి మీద కొత్త సినిమా మొదలైంది. రంగులు మెరిశాయి. స్పీకర్లోంచి కమ్మటి పాట వచ్చింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సారూ, పత్తి ఇంత పగిలింది, ఏరేటోళ్ళు యాడ అని చెప్పండి" అందించింది ఒక పాప.

"అది పత్తి కాదమ్మా, మంచు. చలిదేశాల్లో ఆకాశం నుంచి పడుతుంది."

వెనక వరుసలోని రైతు లేచాడు. "ఐతే వానొస్తే వాళ్ళకు పోయేదేముండాది?"

"ఏమీ లేదు."

"ఆ లాంతర్లోళ్ళు ఏమని అడుగుతాండారు?"

"అడగడం లేదు. పండగ పాటలు పాడుతున్నారు. వెతికేది ముసలాయన ఒక్కడే."

కాగితపు నక్షత్రాలు గాలికి గలగలమన్నాయి. ఆ పాప నెమ్మదిగా అడిగింది. "ముసలాయనకు ఎవురూ తోడు పోలేదా?" అడిగి, ఏడవడం మొదలుపెట్టింది.

ఈరక్క వెనక్కి తిరిగింది. ఆమెకు లోకం వినిపించేది మొహాల్లోనే. ఒక్కో మొహాన్నీ చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది.

మహానంది లేచాడు. బతుకంతా తీగలు కలిపిన మనిషి, వెళ్ళి స్పీకరు తీగ లాగేశాడు. పాట ఆగిపోయింది. నా చెయ్యి పట్టి ఈడ్చుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాడు, తెరకు వీపు పెట్టి, ఈరక్కకు ఎదురుగా. తను ఆమె పక్కనే నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ ఆమె ముందు తెరిచి పట్టుకున్నాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. ఆయన చేతులు తీయలేదు.

తెర మీది తెలుపు ఆమె ఒడిలో పడుతోంది. ఆ వెలుగులోకి, కొంగు కింద నుంచి, ఆమె చేతులు వచ్చాయి.

వేళ్ళు గాల్లో ఏదో తుంచాయి. తుంచినదాన్ని నడుముకు కట్టినట్టున్న ఒడిలో వేసుకున్నాయి. మళ్ళీ తుంచాయి. నేను ఆలోచించకముందే నా నోరు తెరుచుకుంది. "సూడండప్పా, పత్తి ఎట్ల పగిలిందో!"

"ఆఁ, ఇప్పుడొచ్చింది!" అంది ఆవరణ అంతా, ఒకే ఊపిరితో.

ఒక చెయ్యి నుదుటికి అడ్డం వెళ్ళి దూరం చూసింది. ఇంకో చెయ్యి తలుపు తట్టింది. ఒక్కో కదలికా వస్తుంటే నేను గత ఏళ్ళలో విన్న ఒక్కో మాటా దానికి అతుక్కుంటోంది. మహానంది సినిమా చూడకపోవడం కాదు, ఆయనకొక్కడికే కనపడేలా ఆడిన ఈ చేతుల్ని ఇన్నేళ్ళూ చదువుతున్నాడు. పత్తీ ఆమెదే, మబ్బూ ఆమెదే, "నా కోసం ఎవురొస్తారు" అన్న గొర్రెపిల్లా ఆమెదే. ఏనాడూ పాట అన్నది విననిది ఈరక్క. ఇంటింటి ముందూ జనం నోళ్ళు తెరుస్తుంటే, తప్పిపోయిన వాళ్ళ కోసమే అడుగుతున్నారనుకుంది. మనుషులు లాంతర్లు పట్టుకుని అన్ని ఇళ్ళకూ ఇంకెందుకు తిరుగుతారు?

పిల్లల కేకలను బట్టి కాపరి కుక్క తెర మీదికి వచ్చినట్టుంది. ఈరక్క నాకు తెలియని మాటొకటి వేసింది. గడ్డంతో నన్ను చూపించి, నోటి దగ్గర వేళ్ళు టకటకలాడించి, చెవుల పక్కన అరచేతులు వేలాడదీసి, ఖాళీ చెయ్యి తిప్పేసింది. మహానంది వైపు చూశాను. ఆయన నోరు నొక్కుకుని ఊగిపోతున్నాడు. నాకు తోచినట్టు కుక్క గొంతుతో చెప్పేశాను.

"ఈ సారుకు ఇంగ్లీషు వచ్చు గానీ, గొర్రెల భాష మాత్రం బొత్తిగా రాదు."

ఆవరణ బద్దలైంది. నవ్వులు సగమయ్యాక గానీ నన్ను నేనే తిట్టుకున్నానని నాకు తెలియలేదు. ఈరక్క చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. తెల్లటి వెలుగులో అన్ని మొహాలూ పళ్ళు బయటపెట్టి ఉన్నాయి. ఆమె చాలాసేపు ఇటు తిరగలేదు. ఈలోగా పిల్లలు లేచి నిలబడ్డారు. "వస్తాండారు! ఎనక్కి చూడే!" గొర్రెపిల్ల వెనక్కి చూసింది.

అంతా అయ్యాక యామిని తండ్రిని పక్కకు పిలిచింది. "నాన్నా, ఆ పాత డిస్కు యాడ పెట్టినావు? జాగ్రత్తగా దాచు. ఇంగొక కాపీ తీసుకుంటా."

దాసన్న నాకు టీ తెచ్చిచ్చాడు. "మేమూ ఇంటింటికి పోయి పాడేటోళ్ళమే గదా సారూ. వాళ్ళు పాడుతాండారని నాకు మొదటి ఏడే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఎతికేటోళ్ళే బాగుండారు అనిపించింది." ఈరక్క వైపు చూసి అన్నాడు. "మేము ముగ్గురం ఒకే వీధిలో పెరిగినాం. ఈరక్క వేళ్ళతో మాట్లాడతాంటే పిల్లోళ్ళు ఎనకాల చేరి అట్లే చేసి చూపించి నవ్వేటోళ్ళు. ఆయమ్మ చేతులు కొంగు కింద పెట్టేసింది. మర్నాటి నుంచి వీడు కుక్కకు, బండికి, చెంబుకు, కనపడినదానికల్లా మాట్లాడబట్టినాడు. వీధిలో నవ్వేటోళ్ళందరూ ఇంగ వీణ్ణే చూడబట్టినారు. ఆయమ్మ దిక్కు ఎవురూ తిరగల్యా."

ఆ తర్వాత ఉదయాలు గమనించాను. తెల్లవారి టీ తాగేటప్పుడు గడప మీద ఆమె వేళ్ళు చకచకా ఆడేవి. ఆయన నవ్వాపుకుంటూ తల ఊపేవాడు. ఊళ్ళో మేం విన్న మాటల్లో ఎన్ని ఆయనవో ఎన్ని ఆమెవో, ఆమె మాటల్ని కూడా బాక్సులో అన్నంలా కట్టుకుని బయల్దేరేవాడు కాబట్టి, ఎవరూ చెప్పలేరు.

జనవరిలో నాకు కడపకు బదిలీ అయింది. డాక్టరమ్మ మాట్లాడవచ్చని చెప్పిన వారమే అది. మహానంది నా పెట్టె బస్సెక్కించాడు. ఈరక్క కూడా వచ్చింది, పండగ కాని రోజున, పట్టపగలు, నీలం చీర కట్టుకుని. కిటికీలోంచి అన్నాను. "ఆ సాయంత్రం సంగతి ఎప్పుడైనా రాసుకుంటాను. అక్కను అడుగు."

ఆయన వేళ్ళతో అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, చెయ్యి గట్టిగా ఊపింది.

"రాయొద్దని అక్క అంటాండాది సారూ."

ఆ గొంతు సన్నగా, కొత్తగా ఉంది. బస్సు కదిలింది. ఆయన రెండడుగులు పక్కనే నడిచి, అక్కకు తన పెదవులు కనపడకుండా మొహం ఇటు తిప్పుకున్నాడు.

"నేనయితే రాయమంటా."